ఈఎస్‌పీ32తో సొంత ఓబీడీ రీడర్: కాన్, కె-లైన్ రెండూ చదివే సర్క్యూట్, కోడ్, మధ్యలో వచ్చే తప్పులు

#1 టంకంచుక్క

స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ (బండి తన లోపాలను తానే చెప్పే వ్యవస్థ) సాకెట్ నుంచి ఇంజిన్ వేగం, కూలెంట్ వేడి, ఎర్రర్ కోడ్‌లు చదివే పరికరం సొంతంగా కట్టాలని మొదలుపెట్టిన వాళ్లు ఎక్కువగా ఆగిపోయేది "డేటా ఏమీ రావట్లేదు" అన్న చోట. తప్పు కోడ్‌లో ఉందని రోజుల తరబడి అక్కడే వెతుకుతారు. చాలాసార్లు అది వైరులోనో, రెసిస్టర్‌లోనో, క్రిస్టల్‌లోనో ఉంటుంది. అందుకే ఈ థ్రెడ్‌లో హార్డ్‌వేర్ ముందు, కోడ్ తర్వాత. బైట్ల విలువలన్నీ హెక్స్‌లో (పదహారు అంకెల పద్ధతి) రాస్తాను.

కాన్ అంటే బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు తీగల ఉమ్మడి దారి (బస్సు), కె-లైన్ అంటే పాత బండ్లలో అదే పనికి వాడే ఒంటి తీగ. సాకెట్‌లో మనకు కావలసిన పిన్నులు: 4 బాడీ గ్రౌండ్, 5 సిగ్నల్ గ్రౌండ్, 6 కాన్ హై, 14 కాన్ లో, 7 కె-లైన్, 15 ఎల్-లైన్, 16 బ్యాటరీ ప్లస్. 2, 10 పిన్నులు పాత జె1850 ప్రోటోకాల్ బండ్లవి, వాటిని ఈ డిజైన్‌లో వదిలేశాను. ముందు టార్చి వేసి సాకెట్ లోపలికి చూడండి. 6, 14లో లోహపు కాంటాక్టులు కనిపిస్తే కాన్ ఉండే అవకాశం ఎక్కువ. అవి ఖాళీగా ఉండి 7లో కాంటాక్టు ఉంటే కె-లైన్. అమెరికాలో 2008 మోడల్ నుంచి కాన్ తప్పనిసరి అయింది, అంతకు ముందువాటిలో ఐదు ప్రోటోకాల్‌లలో ఏదైనా ఉండొచ్చు.

కావలసినవి:

- ఈఎస్‌పీ32 (వైఫై, బ్లూటూత్ ఉన్న చిన్న కంట్రోలర్ చిప్) డెవ్ బోర్డు, మొదటి తరం చిప్‌ది. ఎస్3, సీ3 రకాలు వద్దు, కారణం బ్లూటూత్ దగ్గర చెప్తాను.
- ఎస్ఎన్65హెచ్‌వీడీ230 కాన్ ట్రాన్సీవర్ (బోర్డు సంకేతాన్ని బస్సు సంకేతంగా, అటూ ఇటూ మార్చే చిప్). ఇది 3.3 వోల్ట్‌లది కాబట్టి ఈఎస్‌పీ32కు నేరుగా కలుస్తుంది.
- పీఎన్2222 ట్రాన్సిస్టర్, ఎల్ఎం393 కంపారేటర్, 510 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్. ఇవి కె-లైన్‌కు.
- 1 ఆంపియర్ ఫ్యూజు, ఎస్ఎస్34 షాట్‌కీ డయోడ్, ఎస్ఎంబీజే24ఏ టీవీఎస్ (వోల్టేజి పోటును ఆపే) డయోడ్, ఎల్ఎం2596 బక్ (వోల్టేజి దింపే) మాడ్యూల్, 100 మైక్రోఫారడ్ 50 వోల్ట్‌ల కెపాసిటర్.
- 100 ఓమ్ రెసిస్టర్లు రెండు, 560 పికోఫారడ్ కెపాసిటర్లు రెండు, కాన్ తీగల మీద ఈఎస్‌డీ (స్టాటిక్ షాక్) రక్షణ కోసం పీఈఎస్‌డీ1కాన్ ఒకటి.

కాన్ వైపు వైరింగ్ చిన్నది. జీపీఐఓ5 నుంచి ట్రాన్సీవర్ డీ పిన్‌కు, ఆర్ పిన్ నుంచి జీపీఐఓ4కు. ఆర్ఎస్ పిన్ గ్రౌండ్‌కు. రెడీమేడ్ మాడ్యూల్ వాడితే దాని మీద 120 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి మరలకుండా బస్సు కొసన పెట్టే రెసిస్టర్) ముందే టంకం వేసి ఉంటుంది, దాన్ని తీసేయండి. బండిలో బస్సు రెండు కొసలా 120 ఓమ్‌లు ఇప్పటికే ఉన్నాయి. బదులుగా కాన్ హై నుంచి గ్రౌండ్‌కు 100 ఓమ్, 560 పికోఫారడ్ సిరీస్‌లో ఒకటి, కాన్ లో నుంచి గ్రౌండ్‌కు అలాంటిదే ఇంకొకటి పెట్టండి. బయటి పరికరానికి ఐఎస్ఓ 15765-4 అడిగేది అదే. 6, 14 తీగల్ని ఒకదానికొకటి మెలిపెట్టండి, కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. బల్ల మీద పని చేసేందుకు మీటరు చాలు.

#2 ఫ్యూజుపెట్టె

పవర్ భాగాలను జాబితాలో ఒక్క వరుసలో తేల్చేశారు, అక్కడే బోర్డులు కాలిపోతాయి కాబట్టి విడిగా రాస్తున్నాను.

కారు బ్యాటరీని స్థిరమైన 12 వోల్ట్‌ల సప్లై అనుకోకండి. ఇంజిన్ నడుస్తుంటే 14.4 దాకా ఉంటుంది, స్టార్టర్ తిరిగే క్షణంలో 6 వోల్ట్‌లకు పడిపోవచ్చు. ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే లోడ్ డంప్ (ఒక్కసారిగా వోల్టేజి పోటు) వస్తుంది. ఆల్టర్నేటర్‌లోనే అణచివేత ఉన్న బండ్లలో కూడా దాని శిఖరాన్ని 35 వోల్ట్‌లుగా లెక్క వేసుకోవాలి. రోడ్డు పక్కన 24 వోల్ట్‌ల లారీ బ్యాటరీతో జంప్ స్టార్ట్ చేసే సందర్భం కూడా ఉంటుంది. ఎస్ఎంబీజే24ఏ ఎంపిక అందుకే: 24 వోల్ట్‌ల దగ్గర అది నిద్రలోనే ఉంటుంది, 26.7 దగ్గర లేస్తుంది, పూర్తి పల్సులో 38.9 దగ్గర పట్టి ఆపుతుంది. 18 వోల్ట్‌ల టీవీఎస్ పెడితే జంప్ స్టార్ట్‌లో అదే మండిపోతుంది.

ఇప్పుడు ఆ 38.9 తర్వాత వచ్చే రెగ్యులేటర్‌ని చూడండి. గోరంత సైజులో దొరికే చాలా బక్ మాడ్యూళ్లలో ఎంపీ1584 ఉంటుంది, దాని పరిమితి 28 వోల్ట్‌లు. టీవీఎస్ తన పని సరిగ్గా చేసినా ఆ చిప్ పోతుంది. ఎల్ఎం2596 పని పరిధి 40 వోల్ట్‌లు, అది సరిపోతుంది. మాడ్యూల్ మీద ఇన్‌పుట్ కెపాసిటర్ 35 వోల్ట్‌లది ఉంటే తీసి 50 వోల్ట్‌లది వేయండి.

7805 (పాత రకం 5 వోల్ట్‌ల రెగ్యులేటర్) వాడొచ్చా అని ఎవరో తప్పక అడుగుతారు. 14 వోల్ట్‌ల నుంచి 5కి దింపుతూ 150 మిల్లీఆంపియర్లు ఇస్తే 1.35 వాట్ల వేడి. హీట్‌సింక్ లేని టీఓ-220 ప్యాకేజీకి వాట్‌కు సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది, అంటే చుట్టూ ఉన్న గాలి కన్నా 88 డిగ్రీలు ఎక్కువ. ఎండలో నిలిపిన కారులో అది నిలవదు.

వరుస క్రమం ఇది: పిన్ 16, ఫ్యూజు, టీవీఎస్ గ్రౌండ్‌కు, ఆ తర్వాత షాట్‌కీ, కెపాసిటర్, బక్. ఫ్యూజు సాకెట్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బోర్డు మీది ఫ్యూజు దాన్ని కాపాడలేదు. బక్‌ను ముందు బల్ల మీద 5.0కి సరిచేసి, తర్వాతే ఈఎస్‌పీ32కు కలపండి.

ఇంకో మాట. బండికి కలిపి ఉన్నప్పుడే యూఎస్‌బీతో ల్యాప్‌టాప్ కూడా కలపాల్సి వస్తే చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. లేదంటే బండి గ్రౌండ్‌కూ గోడ సాకెట్ ఎర్త్‌కూ మధ్య కరెంటు మీ బోర్డు గుండా ప్రవహిస్తుంది.

#3 కొత్తబోర్డు

నా దగ్గర ఆర్డ్వినో యూనో బోర్డు, ఎంసీపీ2515 (కాన్ కంట్రోలర్) మాడ్యూల్ ఉన్నాయి. మాడ్యూల్ మీద టీజేఏ1050 ట్రాన్సీవర్ ఉంది. లైబ్రరీలో 500 కిలోబిట్లు పెట్టాను, ఇనిషియలైజేషన్ సరిగ్గానే అయినట్టు చూపిస్తోంది. బండికి కలిపితే ఒక్క ఫ్రేమూ (కాన్ సందేశం) రావట్లేదు, డ్యాష్‌బోర్డులో మాత్రం ఒక హెచ్చరిక దీపం వెలిగి ఆరింది. భయమేసి తీసేశాను. ఏం చూడాలి?

#4 బిట్‌టైమింగ్

తీసేయడం మంచి పని చేశారు. ఆ దీపమే మీకు జవాబు: మీ బోర్డు తప్పు వేగంతో బస్సు మీద మాట్లాడింది, ప్రతి ఫ్రేమ్‌కూ ఎర్రర్ ఫ్రేమ్ విసిరి మిగతా కంప్యూటర్ల మాట చెడగొట్టింది.

మాడ్యూల్ మీది వెండిరంగు క్రిస్టల్ డబ్బా చదవండి. 8.000 అని ఉంటే మీ కష్టమంతా అదే. చాలా లైబ్రరీలు 16 మెగాహెర్ట్జ్ అనుకుని రిజిస్టర్లు నింపుతాయి. 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో అవే విలువలు 500కు బదులు 250 కిలోబిట్లు ఇస్తాయి. ఇనిషియలైజేషన్ పరీక్షించేది బోర్డుకూ మాడ్యూల్‌కూ మధ్య ఎస్‌పీఐ లింకు పలుకుతోందా లేదా అన్నదే, బిట్ రేటు సరైందా కాదా అన్నది దానికి తెలియదు.

క్రిస్టల్ ఎంపిక సరిచేశాక కూడా ఒక మెలిక ఉంది. 8 మెగాహెర్ట్జ్‌తో ఒక క్వాంటం (బిట్‌ని విడగొట్టే అతి చిన్న కాలం) 250 నానోసెకన్లు, 500 కిలోబిట్ల బిట్‌లో ఎనిమిదే క్వాంటాలు. కొన్ని లైబ్రరీల పట్టికలో శాంపిల్ పాయింట్ (బిట్ విలువ చదివే క్షణం) 62.5 శాతం దగ్గర పడుతుంది. బండి బస్సులు 80 శాతం చుట్టుపక్కల ఉంటాయి. కేబుల్ పొడవైతే అప్పుడప్పుడూ ఎర్రర్లు వస్తాయి, కారణం దొరకదు. రిజిస్టర్లలో సీఎన్ఎఫ్1కు 00, సీఎన్ఎఫ్2కు 91, సీఎన్ఎఫ్3కి 01 ఇవ్వండి. ప్రాపగేషన్ 2, ఫేజ్ ఒకటి 3, ఫేజ్ రెండు 2 క్వాంటాలు అవుతాయి, శాంపిల్ పాయింట్ 75 శాతానికి వస్తుంది. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు మార్చుకోగలిగితే ఇంకా మంచిది, పదహారు క్వాంటాలు దొరుకుతాయి. ఈఎస్‌పీ32 కాన్ కంట్రోలర్‌కు తయారీదారు ఇచ్చిన 500 కిలోబిట్ల సెట్టింగ్ 80 శాతం దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు.

రెండోది, మాడ్యూల్ మీద జంపర్ ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి, అది 120 ఓమ్‌ల టెర్మినేటర్. తాళం తీసి, బండి నిద్రపోయే దాకా ఆగి, సాకెట్‌లో 6, 14 మధ్య మీటరు పెడితే సుమారు 60 ఓమ్‌లు చూపాలి. మీ బోర్డు కలిపాక 40కి పడితే టెర్మినేటర్ ఇంకా ఉన్నట్టే. గేట్‌వే (సాకెట్‌కూ లోపలి బస్సుకూ మధ్య ఉండే కంప్యూటర్) ఉన్న కొన్ని బండ్లలో సాకెట్ దగ్గర వేరే విలువ రావొచ్చు. బోర్డు కలిపినప్పుడు అది మారకూడదన్నదే అసలు పరీక్ష.

మూడోది, ఇకనుంచి మొదటి కలయిక ఎప్పుడూ లిజన్-ఓన్లీ మోడ్‌లోనే. ఆ మోడ్‌లో చిప్ బస్సు మీద ఒక్క బిట్ కూడా రాయదు, ఎక్‌నాలెడ్జ్ (అందిందన్న గుర్తు) కూడా ఇవ్వదు. తప్పు వేగం పెట్టినా బండికి తెలియదు.

#5 కొత్తబోర్డు

క్రిస్టల్ 8.000. జంపర్ ఉంది, కలిపాక 41 ఓమ్‌లు చూపింది. తీసేశాను, ఇప్పుడు 61. లిజన్-ఓన్లీలో ఫ్రేములు వరదలా వస్తున్నాయి. చాలా సంతోషం. కానీ బల్ల మీద ఒక్క మాడ్యూల్‌తో పంపడం పరీక్షిస్తే ఎప్పుడూ ఫెయిల్ అంటోంది.

#6 బిట్‌టైమింగ్

ఒక్క నోడ్‌తో పంపడం సాధ్యం కాదు. కాన్‌లో ఎవరో ఒకరు ఎక్‌నాలెడ్జ్ బిట్ ఇవ్వాలి. వినేవాళ్లు లేకపోతే ఎర్రర్ కౌంటర్ 128కి ఎక్కి, ఎర్రర్ పాసివ్‌లో కూర్చుని అదే ఫ్రేమ్‌ని పదే పదే పంపుతూ ఉంటుంది. రెండో మాడ్యూల్ పెట్టి, రెండు కొసలా 120 ఓమ్‌లు కలిపి పరీక్షించండి. ఆ జంపర్ పనికొచ్చేది ఇక్కడే.

వరద గురించి: ఎంసీపీ2515లో రిసీవ్ బఫర్లు రెండే. 500 కిలోబిట్ల బస్సు మీద నిండు ఫ్రేమ్ పావు మిల్లీసెకనులో దాటిపోతుంది, యూనో సీరియల్ ప్రింట్ చేస్తూ ఉండగానే మనకు కావలసిన జవాబు పోతుంది. మాస్క్ 7ఎఫ్8, ఫిల్టర్ 7ఈ8 పెట్టండి. 7ఈ8 నుంచి 7ఈఎఫ్ దాకా వచ్చే జవాబులే లోపలికి వస్తాయి.

#7 టంకంచుక్క

ఇప్పుడు అడగడం. గేట్‌వే ఉన్న కొత్త బండ్లలో మనం అడగనిదే సాకెట్ దగ్గర ఏమీ వినిపించకపోవచ్చు. అప్పుడు లిజన్-ఓన్లీలో నిశ్శబ్దం అంటే వైరింగ్ తప్పని కాదు. అలాంటి చోట 500తో ఒక్క ఫ్రేమ్, జవాబు లేకపోతే 250తో ఒక్క ఫ్రేమ్ పంపండి. ఈఎస్‌పీ32లో సింగిల్ షాట్ ఫ్లాగ్ పెడితే విఫలమైన ఫ్రేమ్ మళ్లీ మళ్లీ వెళ్లదు.

ఇంజిన్ వేగం కోసం ఐడీ 7డీఎఫ్‌కు పంపాల్సిన ఎనిమిది బైట్లు: 02 01 0సీ 00 00 00 00 00. మొదటి 02 అంటే వెనక రెండు బైట్లు ఉన్నాయని, 01 మోడ్ (ప్రశ్న రకం), 0సీ పీఐడీ (అడిగే విలువ సంఖ్య). మిగిలినవి పూరకం. పొడవు మాత్రం ఖచ్చితంగా 8 ఉండాలి. మూడు బైట్లే అవసరమని పొడవు 3 పెట్టి పంపితే నియమం పాటించే ఈసీయూ (బండి కంప్యూటర్) జవాబే ఇవ్వదు. చాలామంది చిక్కుకునే చోటు ఇది.

జవాబు 7ఈ8 నుంచి ఇలా వస్తుంది: 04 41 0సీ 1ఏ ఎఫ్8. మోడ్‌కు 40 కలిసి 41 అయింది. 1ఏఎఫ్8 అంటే 6904, నాలుగుతో భాగిస్తే నిమిషానికి 1726 తిప్పులు. మిగతావి (సూత్రాల్లోని సంఖ్యలు మామూలు దశాంశంలో):

- 05 కూలెంట్: విలువలోంచి 40 తీసేస్తే డిగ్రీలు.
- 0డీ వేగం: నేరుగా గంటకు కిలోమీటర్లు.
- 04 లోడ్, 11 థ్రాటిల్: 100తో గుణించి 255తో భాగించాలి.
- 0బీ మానిఫోల్డ్ పీడనం: నేరుగా కిలోపాస్కల్స్.
- 10 గాలి ప్రవాహం: రెండు బైట్ల సంఖ్యను 100తో భాగిస్తే సెకనుకు గ్రాములు.
- 06, 07 ఫ్యూయల్ ట్రిమ్: 128 తీసేసి, 100తో గుణించి, 128తో భాగించాలి. రుణాత్మకం రావొచ్చు, సైన్డ్ వేరియబుల్ వాడండి.
- 42 ఈసీయూ దగ్గర వోల్టేజి: 1000తో భాగించాలి.

ఏ పీఐడీ ఉందో ఊహించకండి, 00ని అడగండి. బీఈ 1ఎఫ్ ఏ8 13 అని వచ్చిందనుకోండి. బీఈ అంటే 1011 1110. ఎడమ చివరి బిట్ పీఐడీ 01ది. కాబట్టి 01, 03, 04, 05, 06, 07 ఉన్నాయి, 02, 08 లేవు. చివరి బైటు చివరి బిట్ 1 అయితే 20ని అడిగి తర్వాతి జాబితా తెచ్చుకోవచ్చు.

కాన్‌లో ఒకే ప్రశ్నలో ఆరు పీఐడీల దాకా అడగొచ్చు, వేగం పెంచేందుకు అది గొప్ప సౌకర్యం. కానీ 0సీ, 0డీ కలిపి అడిగితే జవాబు ఆరు బైట్లు, ఒక ఫ్రేమ్‌లో ఇముడుతుంది. దానికి 05 కూడా కలిపితే ఎనిమిది బైట్లు, ఒక ఫ్రేమ్ దాటిపోతుంది. అప్పుడు బహుళ ఫ్రేముల వ్యవహారం మొదలవుతుంది.

#8 మీటరుముల్లు

ఆ వ్యవహారమే నాకు అర్థం కావట్లేదు. వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) కోసం 02 09 02 పంపుతున్నాను. మొదటి మూడు అక్షరాలు వస్తాయి, ఆ తర్వాత ఏమీ లేదు. ఇంకో బండిలో 7డీఎఫ్‌కు అసలు స్పందనే లేదు, ఫ్రేములు మాత్రం వినిపిస్తున్నాయి.

#9 బిట్‌టైమింగ్

మూడు అక్షరాలే రావడం అంటే మీరు ఫ్లో కంట్రోల్ పంపట్లేదు. ఈసీయూ ఇలా మొదలుపెడుతుంది: 10 14 49 02 01, వెనక మూడు అక్షరాలు. 1తో మొదలైతే ఫస్ట్ ఫ్రేమ్. 014 అంటే మొత్తం 20 బైట్లు: 49 02 01 మూడు, వీఐఎన్ పదిహేడు. ఇంత చెప్పి అది మీ అనుమతి కోసం ఆగుతుంది. మీరు 30 00 00, మిగతా సున్నాలతో పూరించి వెంటనే పంపాలి. కొద్దిసేపే చూసి అది వదిలేస్తుంది. అనుమతి అందాక 21తో ఏడు, 22తో ఏడు అక్షరాలు వస్తాయి.

అనుమతిని 7డీఎఫ్‌కు పంపకండి. అది అందరికీ వేసే కేక. ఫస్ట్ ఫ్రేమ్ ఏ ఐడీ నుంచి వచ్చిందో దానిలోంచి 8 తీసేసి అక్కడికే పంపాలి: 7ఈ8 నుంచి వస్తే 7ఈ0కు, 7ఈ9 నుంచి వస్తే 7ఈ1కు. గేర్‌బాక్సు ఈసీయూ కూడా జవాబిచ్చే బండ్లలో రెండు పొడవాటి జవాబులు కలిసిపోయి వస్తాయి, ఒక్కో ఐడీకి ఒక్కో బఫర్ పెట్టుకోండి.

రెండో బండి 29 బిట్ల ఐడీలది అయ్యుండాలి. ఎక్స్‌టెండెడ్ ఫ్లాగ్ పెట్టి 18డీబీ33ఎఫ్1కు అడగండి. జవాబు 18డీఏఎఫ్110 లాంటి ఐడీ నుంచి వస్తుంది. చివరి 10 ఈసీయూ చిరునామా. ఫ్లో కంట్రోల్ 18డీఏ10ఎఫ్1కు. మీ ఫిల్టర్ 11 బిట్లకే పెట్టి ఉంటే ఈ జవాబు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, ఆ సంగతి మరవకండి.

7ఎఫ్తో మొదలై 78తో ముగిసే జవాబు వస్తే అది నిరాకరణ కాదు, "చూస్తున్నాను, ఆగు" అని. కోడ్ దాన్ని ఎర్రర్‌గా తీసుకుని మళ్లీ అడగకుండా, 5 సెకన్ల దాకా ఆగాలి.

#10 ఒంటితీగ

కె-లైన్ నేను రాస్తాను. కాన్ మీద పనిచేసిన వాళ్లకు ఇది చాలా నెమ్మదిగా, మొండిగా అనిపిస్తుంది, కానీ పాత బండ్లకు ఇదే దారి. దీనిలో టైమింగే సర్వస్వం.

సర్క్యూట్: కె-లైన్ నుంచి బ్యాటరీకి, అంటే షాట్‌కీ తర్వాతి చోటికి, 510 ఓమ్‌లు. లైన్ కిందికి లాగినంతసేపూ 14.4 వోల్ట్‌లు దాని మీదే పడతాయి, అంటే 0.41 వాట్. పావు వాట్ రెసిస్టర్ నల్లబడుతుంది, అందుకే అర వాట్. పీఎన్2222 కలెక్టర్ కె-లైన్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు, బేస్‌కు జీపీఐఓ17 నుంచి 2.2 కిలో ఓమ్‌లు. బేస్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు తప్పక పెట్టండి. బోర్డు బూట్ అయ్యేటప్పుడు పిన్ను గాల్లో వేలాడుతూ లైన్‌ని కిందికి లాగకుండా అది కాపాడుతుంది.

ట్రాన్సిస్టర్ సంకేతాన్ని తలకిందులు చేస్తుంది. యూఏఆర్‌టీ (ఈఎస్‌పీ32 సీరియల్ పోర్టు) ఖాళీగా ఉన్నప్పుడు హైలో ఉంటుంది, అలాగే వదిలేస్తే కె-లైన్ ఎప్పుడూ కిందే ఉండిపోతుంది. టీఎక్స్‌ని (పంపే వైపు) మాత్రమే ఇన్వర్ట్ చేయాలి. ఆర్డ్వినో సీరియల్ బిగిన్‌లోని ఇన్వర్ట్ ఎంపిక రెండు వైపులా తిప్పేస్తుంది కాబట్టి అది పనికిరాదు, ఈఎస్‌పీ-ఐడీఎఫ్ ఫంక్షన్‌తో టీఎక్స్ ఒక్కదానికే పెట్టండి.

వినేందుకు ఎల్ఎం393. దాని సప్లైకి ముందు 470 ఓమ్‌లు, వెనక 24 వోల్ట్‌ల జీనర్. అదే చోటు నుంచి రెండు 10 కిలో ఓమ్‌లతో సగం వోల్టేజి చేసి మైనస్ ఇన్‌పుట్‌కు, కె-లైన్ 10 కిలో ఓమ్‌ల గుండా ప్లస్ ఇన్‌పుట్‌కు. అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ కాబట్టి 3.3 వోల్ట్‌లకు 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ వేసి జీపీఐఓ16కు. హై, లో విడదీసే గీటు బ్యాటరీ సగంలో ఉంటుంది, వోల్టేజి ఎటు ఊగినా గీటూ దాంతోపాటే ఊగుతుంది. పీఎస్‌ర్యామ్ (అదనపు మెమరీ) ఉన్న రోవర్ మాడ్యూళ్లలో 16, 17 పిన్నులు వాడకంలో ఉంటాయి, అక్కడ వేరేవి తీసుకోండి. 5 వోల్ట్‌ల యూనో వాడేవాళ్లు ఇదంతా వదిలి ఎల్9637డీ చిప్ పెట్టుకోవచ్చు, 510 ఓమ్‌లు మాత్రం దానికీ కావాలి.

మేల్కొలపడం రెండు రకాలు. ముందు ఫాస్ట్ ఇనిట్: లైన్ కనీసం 300 మిల్లీసెకన్లు హైలో ప్రశాంతంగా ఉండాలి. తర్వాత 25 మిల్లీసెకన్లు కింద, 25 పైన, వెంటనే 10400 బాడ్‌లో (సెకనుకు బిట్లు) సీ1 33 ఎఫ్1 81 66. చివరి 66 ముందున్న నాలుగు బైట్ల మొత్తంలో చివరి బైటు. జవాబులో సీ1 కనిపిస్తే సెషన్ తెరుచుకున్నట్టు.

రాకపోతే 5 బాడ్ ఇనిట్: 33ను సెకనుకు 5 బిట్ల వేగంతో, ఒక్కో బిట్ 200 మిల్లీసెకన్ల చొప్పున పిన్నును చేత్తో ఆడించి పంపాలి. మొత్తం 2 సెకన్లు పడుతుంది. ఈసీయూ 10400లో 55, ఆ వెనక రెండు కీ బైట్లు ఇస్తుంది. 08 08 అయినా, 94 94 అయినా ఐఎస్ఓ 9141-2 ప్రోటోకాల్. రెండో కీ బైటుని తలకిందులు చేసి 25 నుంచి 50 మిల్లీసెకన్ల మధ్యే తిరిగి పంపాలి. 08 వస్తే ఎఫ్7. అప్పుడు ఈసీయూ సీసీ అంటుంది, అది 33కి తలకిందులు. ఆ కిటికీ దాటితే మళ్లీ మొదటికి.

తర్వాత ప్రశ్నలు. 9141లో ఇంజిన్ వేగం: 68 6ఏ ఎఫ్1 01 0సీ డీ0. కేడబ్ల్యూపీలో (కె-లైన్ మీది రెండో ప్రోటోకాల్): సీ2 33 ఎఫ్1 01 0సీ ఎఫ్3. బైటుకూ బైటుకూ మధ్య 5 మిల్లీసెకన్లు ఆగండి, మొత్తం ఒకేసారి బఫర్‌లోకి తోస్తే కొన్ని ఈసీయూలు వినవు. జవాబు ముగిశాక 55 మిల్లీసెకన్లు ఆగి మరోటి. 5 సెకన్లు ఏమీ అడగకపోతే సెషన్ మూసుకుపోతుంది, కాబట్టి పని లేకపోయినా రెండు సెకన్లకోసారి 01 00 అడుగుతూ ఉండండి. ఇవన్నీ కలిపితే సెకనుకు ఆరేడు విలువలకు మించి రావు. స్క్రీను మీద ముల్లు సాఫీగా కదలాలంటే ఇంజిన్ వేగాన్ని ఒకటి విడిచి ఒకటి అడిగి, కూలెంట్‌ని పదిసార్లకు ఒకసారి అడగండి.

#11 మీటరుముల్లు

ఒంటితీగ గారూ, ట్రాన్సిస్టర్ బదులు టీజేఏ1021 లిన్ (కార్లలోని మరో ఒంటి తీగ బస్సు) ట్రాన్సీవర్ పెట్టాను. 10400లో లూప్‌బ్యాక్ (పంపింది నాకే తిరిగి రావడం) చక్కగా ఉంది. బండి మాత్రం లేవట్లేదు.

#12 ఒంటితీగ

ఆ చిప్‌లో టీఎక్స్ చాలాసేపు కింద ఉంటే తానే లైన్ వదిలేసే రక్షణ ఉంది.  10400 బాడ్‌లో ఒక బిట్ 96 మైక్రోసెకన్లు కాబట్టి లూప్‌బ్యాక్‌లో ఏ తేడా కనపడదు. ఫాస్ట్ ఇనిట్‌కు 25, 5 బాడ్‌కు 200 మిల్లీసెకన్లు కింద ఉంచాలి, అంతసేపు కింద ఉంచడాన్ని అది మధ్యలోనే తెంచేయగలదు. లిన్ చిప్ కొనేముందు డేటాషీట్‌లో డామినెంట్ టైమౌట్ అన్న మాట వెతకండి, ఉంటే వద్దు. మీ బోర్డు మార్చకుండానే కుదిరే దారి: పీఎన్2222 ఒకటి కె-లైన్‌కు సమాంతరంగా వేసి, మేల్కొలుపు మాత్రం దాంతో చేయండి, మాటలు లిన్ చిప్‌తో.

#13 కొత్తబోర్డు

ఎర్రర్ కోడ్‌లు మోడ్ 03తో వస్తున్నాయి: 06 43 02 01 33 సీ1 00. దీన్ని ఎలా విడదీయాలి? మోడ్ 04తో చెరిపే బటన్ కూడా పెట్టేద్దామా?

#14 ఫ్యూజుపెట్టె

02 అంటే రెండు కోడ్‌లు. ప్రతి జతలో మొదటి రెండు బిట్లు అక్షరం: 00 పీ, 01 సీ, 10 బీ, 11 యూ. తర్వాతి రెండు బిట్లు మొదటి అంకె, మిగతావి ఉన్నవి ఉన్నట్టు. మీవి పీ0133, యూ0100. మొదటిది ఆక్సిజన్ సెన్సర్ నెమ్మదిగా స్పందించడం, రెండోది ఇంజిన్ కంప్యూటర్‌తో సంభాషణ తెగడం. ఆ రెండోది మీ తప్పు బిట్ రేటు రోజున పడి ఉండొచ్చు. కె-లైన్‌లో ఈ సంఖ్య బైటు ఉండదు, ఒక్కో సందేశంలో మూడు కోడ్‌ల చోటు ఉండి, లేనివి సున్నాలతో వస్తాయి. రెండింటికీ ఒకే ఫంక్షన్ రాస్తే అన్నీ ఒక బైటు జరిగిపోతాయి.

చెరిపే బటన్ వద్దనే నా గట్టి మాట. మోడ్ 04 కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్‌నీ తుడిచేస్తుంది. తప్పు జరిగిన క్షణంలో వేగం, వేడి, లోడ్ ఎంత ఉన్నాయో చెప్పే ఒక్క సాక్ష్యం అది. రెడీనెస్ మానిటర్లు (బండి స్వీయ పరీక్షల స్థితి) కూడా సున్నాకు వస్తాయి, అవి మళ్లీ పూర్తి కావాలంటే రకరకాల పరిస్థితుల్లో బండి నడవాలి. తప్పదనుకుంటే ముందు మోడ్ 02తో ఫ్రీజ్ ఫ్రేమ్ మొత్తం ఎస్‌డీ కార్డులోకి రాసి, అది రాశాకే బటన్ తెరుచుకునేలా చేయండి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి మాత్రమే పంపాలి.

#15 టంకంచుక్క

నేనూ అదే అంటాను. నా కోడ్‌లో పంపే ఫంక్షన్ మోడ్ 01, 02, 03, 07, 09 తప్ప దేన్నీ బస్సు మీదికి వదలదు. ఫోన్ నుంచి ఏ ఆదేశం వచ్చినా ఆ గేటు దాటాలి.

ఫోన్ గురించి. ఉన్న యాప్‌లే వాడాలంటే మన బోర్డు ఈఎల్ఎం327లా (యాప్‌లకు అలవాటైన ఓబీడీ చిప్) మాట్లాడాలి. ఆదేశాలు అక్షరాల్లో వచ్చి క్యారేజ్ రిటర్న్‌తో ముగుస్తాయి. ఏటీజెడ్‌కు పేరు, వెర్షన్ చెప్పాలి. ఏటీఈ0కు ఎకో ఆపాలి. ఏటీఎస్‌పీ6 అంటే 11 బిట్లు 500, 7 అంటే 29 బిట్లు 500, 8, 9 అవే 250లో. 3 అంటే 9141, 4, 5 కేడబ్ల్యూపీ. ప్రతి జవాబు చివరా "గ్రేటర్ దెన్" గుర్తు తప్పనిసరి. అది లేకపోతే యాప్ ఎదురుచూస్తూ కూర్చుని చివరికి కనెక్షన్ పోయిందంటుంది. తెలియని ఏటీ ఆదేశానికి మౌనంగా ఉండకుండా ప్రశ్న గుర్తు పంపండి.

మొదటి తరం ఈఎస్‌పీ32 కావాలన్నది దీనికే. దానిలో క్లాసిక్ బ్లూటూత్ సీరియల్ ఉంది, ఆండ్రాయిడ్ యాప్‌లు ఎక్కువగా దాన్నే వెతుకుతాయి. ఎస్3, సీ3లో బీఎల్ఈ (తక్కువ పవర్ బ్లూటూత్) మాత్రమే. ఐఫోన్‌కు మాత్రం బీఎల్ఈ లేదా వైఫై రాయాలి.

#16 మీటరుముల్లు

సాకెట్‌లోనే ఎప్పుడూ ఉంచేస్తే బ్యాటరీ ఎన్నాళ్లు ఆగుతుంది?

#17 ఫ్యూజుపెట్టె

100 మిల్లీఆంపియర్లు అనుకుంటే రోజుకు 2.4 ఆంపియర్-గంటలు. 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో తొమ్మిది రోజులకు సగం పోతుంది, పాత బ్యాటరీ అంతకు ముందే స్టార్టర్‌ని తిప్పలేదు. డీప్ స్లీప్ ఒక్కటే చాలదు. డెవ్ బోర్డు మీది ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్, రెగ్యులేటర్ తాగుతూనే ఉంటాయి, ఎల్ఎం2596 ఒక్కటే ఖాళీగా సుమారు 5 మిల్లీఆంపియర్లు లాగుతుంది.

బండి ఆగిందని వోల్టేజితో కనిపెట్టాలంటే 100 కిలో, 22 కిలో ఓమ్‌ల డివైడర్ చాలు, 14.4 వోల్ట్‌లు 2.6గా కనిపిస్తాయి. కానీ ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే అదుపు చేసే బండ్లలో నడుస్తుండగానే 12.6కి దిగొచ్చు. కాబట్టి రెండూ కలపండి: వోల్టేజి 13 కన్నా తక్కువ, 0సీకి చివరి జవాబు వచ్చి 60 సెకన్లు దాటింది. అప్పుడే నిద్ర. ఒక జాగ్రత్త: తాళం తీశాక మీరు అడుగుతూనే ఉంటే కొన్ని బండ్లలో గేట్‌వే మెలకువగా ఉండిపోతుంది. మీ బోర్డు తినేదాని కన్నా ఆ గేట్‌వే తినేది చాలా ఎక్కువ. జవాబు ఆగిన వెంటనే అడగడం ఆపి, 30 సెకన్లకోసారి వోల్టేజి మాత్రమే చూడండి.

#18 మీటరుముల్లు

ట్రాన్సిస్టర్ కలిపాక బండి లేచింది, సీ1 వచ్చింది. ఇప్పుడు ప్రతి జవాబు ముందూ నేను పంపిన బైట్లే తిరిగి వస్తున్నాయి, చెక్‌సమ్ ఎప్పుడూ తప్పుతోంది.

#19 ఒంటితీగ

ఒకే తీగ మీద పంపడం, వినడం రెండూ జరుగుతాయి, మీ మాట మీకే వినిపిస్తుంది. ఆరు బైట్లు పంపితే ఆరు బైట్లు చదివి పారేయండి, ఆ తర్వాతే జవాబుగా తీసుకోండి. పారేసేముందు పంపినవాటితో సరిపోల్చండి: తేడా ఉంటే మీరు పంపేటప్పుడు ఇంకెవరో లైన్ లాగుతున్నారు, లేదా 510 ఓమ్‌ల రెసిస్టర్ టంకం వదులైంది. ఒక్క బైటు కూడా తిరిగి రాకపోతే ఎల్ఎం393 వైపు చూడండి.